మూసికొనిన జఠరద్వారము: మూడు చికిత్సల తారతమ్యము

పామర్రు కూడలి నెరిగినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. విజయవాడనుండి మచిలీపట్నము పోవు దారియు, గుడివాడ మీదుగా భీమవరము పోవు దారియు అచ్చట కలియును. అట్టి కూడలిలో రాకపోకలు స్తంభించినచో రెండే ఉపాయములు: ఉన్న దారినే తెరచుట, లేదా ఊరి వెలుపల చుట్టుదారి వేయుట. జఠరము చివరనున్న ద్వారము కేన్సరు గడ్డవలన మూసికొనినప్పుడు వైద్యులు చేయునదియు ఇదియే.

జఠరము, క్లోమము, చిన్నప్రేవు మొదటి భాగము - వీనిలో పుట్టిన గడ్డ ఈ ద్వారము నడ్డగించును. తిన్న అన్నము క్రిందికి దిగక, కొన్ని గంటల తరువాత వాంతియగును. ఈ దశలో పెక్కుమందికి గడ్డను పూర్తిగా తీసివేయుట సాధ్యపడదు. కనుక రోగి మిగిలిన దినములలో నోటితో తినగలుగుటయే చికిత్స లక్ష్యము.

చుట్టుదారి పాతది. 1881లో వియన్నాలో వోల్ఫ్లర్ అను శస్త్రవైద్యుడు జఠరమును నేరుగా చిన్నప్రేవునకు కలిపి కుట్టెను. తరువాత అంతర్దర్శిని వచ్చినది. నికెలు, టైటానియముల మిశ్రమలోహపు తీగతో అల్లిన జల్లెడ గొట్టమును ముడిచి, నోటిద్వారా పంపి, అడ్డు నడుమ విడిచినచో అది తనంత తాను విచ్చుకొని దారి తెరచును. పొట్ట కోయ నక్కరలేదు. అయితే జల్లెడ కన్నములగుండా గడ్డ మరల లోనికి పెరుగవచ్చును.

మూడవ పద్ధతి ఈ రెంటి కలయిక. అంతర్దర్శిని కొననున్న శ్రవణాతీత ధ్వని పరికరముతో జఠరపు గోడ ఆవలనున్న చిన్నప్రేవును గుర్తించి, రెంటిని డంబెల్ ఆకారముగల పొట్టి లోహపు గొట్టముతో కలుపుదురు. గడ్డను తాకని చుట్టుదారి కోత లేకుండ ఏర్పడును. కాని గొట్టము గురి తప్పినచో జఠర రసములు ఉదరకుహరములోనికి కారు ప్రమాదము కలదు.

వీనిలో ఏది మేలు? 2010లో ప్రకటింపబడిన నెదర్లాండ్సు పరిశోధనలో 39 మంది రోగులను పరీక్షించిరి. జల్లెడ గొట్టము వేసినవారు 5 దినములలోను, శస్త్రచికిత్స పొందినవారు 8 దినములలోను తినగలిగిరి. కాని కొంతకాలమునకు శస్త్రచికిత్సయే మెరుగని తేలినది. రెండు నెలలకు మించి జీవించు ఆశగలవారికి శస్త్రచికిత్సయే తగునని వారి సలహా.

2024లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధన జల్లెడ గొట్టమును మూడవ పద్ధతితో పోల్చినది. ఇందు హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులును పాల్గొనిరి. ఆరు నెలలలో మరల చికిత్స అవసరమైనవారు జల్లెడ గొట్టము వేసిన 49 మందిలో 14 మంది. క్రొత్త పద్ధతిలో 48 మందిలో ఇద్దరు మాత్రమే. మొదటి నెలలోని దుష్ఫలితములు ఇరుపక్షములందు దాదాపు సమానము.

ఈ అంకెలు బలమైనవే. కాని అవి చెప్పని విషయములును కలవు. మొదటిది, ఆ పరిశోధన క్రొత్త పద్ధతిని శస్త్రచికిత్సతో పోల్చలేదు. కనుక మూడింటిలో ఇదియే ఉత్తమమని దానినిబట్టి చెప్పరాదు. రెండవది, అది చేయి తిరిగిన వైద్యుల ఫలితము. ఆ నేర్పు లేని చోట అదే ఫలితము వచ్చునని నమ్మరాదు. మూడవది, మరల చికిత్స అవసరము కాకపోవుటయు, రోగి తృప్తిగా తినుటయు ఒకటి కావు. అందువలననే వైద్యులు ఆహారమునకు 0 నుండి 3 వరకు ఒక కొలమానము వాడుదురు: 0 అనగా ఏమియు తినలేకుండుట, 1 ద్రవములు, 2 మెత్తని ఆహారము, 3 సాధారణ భోజనము.

పామర్రువంటి చోటనుండి నగరమునకు పోవలసిన రోగికి రెండవ చికిత్స యనగా మరల ప్రయాణము, మరల ఖర్చు, మిగిలిన కొద్ది దినములలో కొన్ని ఆసుపత్రి పాలగుట. ఈ దృష్టితో చూచినచో క్రొత్త పద్ధతి విలువ పెద్దదే. అయినను కొద్ది వారముల ఆయువే మిగిలినవానికి, ఆ నేర్పుగల వైద్యుడు దగ్గరలో లేనప్పుడు, జల్లెడ గొట్టమే తగినది కావచ్చును. ఎంత కాలము మిగిలినది, చేయు వైద్యునికి ఎంత అనుభవము కలదు, తరువాత రోగి ఏమి తినగలడు - ఈ మూడు ప్రశ్నలను కుటుంబము ముందుగా అడుగుట మంచిది.