బొమ్మ కింది మాట: బయటి రాష్ట్రాల పిల్లల తెలుగు వాచకాలు

పిల్లల అక్షరమాల పుస్తకాలను మన విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. కానీ హోసూరు, కోలారు, బరంపురం, షోలాపూరు వంటి చోట్ల పెరిగే తెలుగు పిల్లలకు అచ్చులో మొదట కనిపించే తెలుగు అదే. చాలామందికి చివరిదీ అదే. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేసింది. తెలుగుకు మిగిలిన కొద్ది వేళలో పిల్లల చేతికి ఏ పుస్తకం ఇస్తున్నామన్నది చిన్న ప్రశ్న కాదు.

అంగళ్ళలో దొరికే బొమ్మల అక్షరమాలలు దాదాపు ఒకే మూసలోవి. అమ్మ, ఆవు, ఇల్లు వరకు ఏ ఇంటి పిల్లలకూ ఇబ్బంది లేదు. ఆ తరువాత ఋషి, ఔషధం వస్తాయి. ఇంట్లో ‘మందు’ అనే పిల్లవాడికి ఔషధం మాట కాదు, అక్షరానికి అతికించిన గుర్తు మాత్రమే. ఇంతకంటే పెద్ద చిక్కు గేదె బొమ్మ దగ్గర వస్తుంది. హోసూరు వైపు పిల్ల దాన్ని చూసి ‘ఎనుము’ అంటుంది. రాయలసీమలోనూ వాడుకలో ఉన్న మంచి తెలుగు మాట అది. తమిళంలోని ఎరుమై, కన్నడంలోని ఎమ్మె దాని చుట్టాలే. ‘ఎనుము కాదు, గేదె అనాలి’ అని బడిలో దిద్దితే ఆ పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే: మా అమ్మ మాట్లాడేది తెలుగు కాదు. తెలుగు పుస్తకం మూతపడేది సరిగ్గా అక్కడే అని మా అభిప్రాయం. ఇక ‘గుంట’ సంగతి చూడండి. శ్రీకాకుళం, గంజాం వైపు అది చిన్నపిల్ల. రాయలసీమ వైపు నీళ్ళు నిలిచే చోటు. ఏ బొమ్మ వేయాలి?

లిపి విషయంలోనూ ఒకే పుస్తకం అందరికీ సరిపోదు. తమిళం చదివే పిల్లవాడికి క, గ ధ్వనులు రెంటికీ ఒకే అక్షరం అలవాటు. అతనికి క, ఖ, గ, ఘ అనే నాలుగూ విడివిడిగా, నిదానంగా పరిచయం కావాలి. మరాఠీ, ఒడియా లిపుల్లో ఎ, ఏలకు గాని ఒ, ఓలకు గాని తేడా లేదు. అక్కడి పిల్లలకు నెల, నేల; మెడ, మేడ వంటి జంటలు పక్కపక్కన ఉండాలి. కన్నడం చదివేవారికి మన అక్షరాలు సగం తెలిసినవే. వారికి కావలసినవి మాటలు, కథలు. మేము చూసిన పుస్తకాల్లో ఈ తేడాలను గుర్తించినది ఒక్కటీ లేదు.

‘పెద్దబాలశిక్ష కొనిస్తే చాలు’ అనే పెద్దలున్నారు. అది చదవడం వచ్చినవారికి నిధి. చదవడం రానివారికి అరవై సంవత్సరాల పేర్లు ఏం సాయం చేస్తాయి? 1947 జూలైలో మద్రాసులో మొదలైన చందమామ ఆ పని వేరుగా చేసింది. తెలియని మాటను కథ మధ్యలో పెట్టి, పిల్లలే ఊహించుకునేలా చేసింది. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు.

ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, చదివే స్థాయిని బట్టి విభజించి ఉంటాయి. భాష అక్కడక్కడ అనువాదపు వాసన వేస్తుంది గాని, వాక్యాలు చిన్నవి. అన్నిటికంటే మేలు, మూలకర్తల పేర్లు చెప్పి ఎవరైనా మాటలు మార్చుకొని తిరిగి అచ్చువేసుకోవచ్చు. అంటే గేదె పక్కన ఎనుమును చేర్చడానికి మనకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇది కొత్త ఆలోచన కాదు. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉన్న గిడుగు రామమూర్తి సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ పదాలను ఏ ప్రాంతంలో ఏమంటారో చూపించింది. ఒకరు పిల్లల నోటి నుంచి, మరొకరు రైతుల నోటి నుంచి మాటలు సేకరించారు. మన వాచకాలు రాసేవారు మాత్రం పాత వాచకాల నుంచి సేకరిస్తున్నారు.

ఈ సెలవుల్లో ఊరికి వెళ్ళే విద్యార్థులు అవ్వల దగ్గర కూర్చుని పశువులు, వంటపాత్రలు, చెట్ల పేర్లు ఒక ఇరవై రాసుకొని రండి. వాటితో ఒక చిన్న పుస్తకం మొదలుపెడదాం. బొమ్మ కింద రెండు మాటలకు చోటు వదిలితే చాలు.