పట్టుకు తగ్గ పంచదార

2011 తొలి నెలల్లో హాంప్టన్ కోర్టులోని రాయల్ స్కూల్ ఆఫ్ నీడిల్‌వర్క్ కుట్టుపనివాళ్లు అరగంటకోసారి చేతులు కడుక్కుంటూ, మూడు గంటలకోసారి సూది మారుస్తూ లేసు పని చేశారు. దారానికి చిన్న మరక కూడా అంటకూడదు. అది ఏప్రిల్ 29న కేట్ మిడిల్‌టన్ వేసుకోబోయే పెళ్లి గౌను. ఆ పెళ్లి కేకు బాధ్యత లెస్టర్‌షైర్‌కు చెందిన ఫియోనా కెయిర్న్స్‌ది: ఎనిమిది అంతస్తులు, 900 పంచదార పూలు. గౌను లేసులో ఇంగ్లండ్ గులాబీ, స్కాట్లండ్ తిసిల్, వేల్స్ డాఫొడిల్, ఐర్లండ్ షామ్‌రాక్ ఉన్నాయి. కేకు మీదా ఆ నాలుగూ ఉన్నాయి.

అలాగని గౌనును కేకు మీద అచ్చు గుద్దలేదు. కేకు చుట్టూ వేలాడే పంచదార తోరణాల రూపు బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కేకును ఉంచిన పిక్చర్ గ్యాలరీ గోడల నుంచి వచ్చింది. గౌనుతో కేకు పంచుకున్నది పూలు, రంగు, సన్నని చేతిపని తీరు. పెళ్లి కేకు ఎంపికలో కిటుకంతా అక్కడే ఉంది. వధువు దుస్తుల నుంచి ఒకటి రెండు గుణాలు అరువు తెచ్చుకుంటే చాలు.

తెల్ల గౌనుకూ తెల్ల కేకుకూ జత కుదిరింది 1840 ఫిబ్రవరి 10న, విక్టోరియా రాణి పెళ్లిలో. స్పిటల్‌ఫీల్డ్స్ పట్టు, హోనిటన్ లేసుతో ఆమె గౌను తయారైంది. కేకు బరువు దాదాపు 136 కిలోలు. బాగా శుద్ధి చేసిన తెల్ల పంచదార అప్పట్లో ఖరీదైన సరుకు. ఐసింగ్ ఎంత తెల్లగా ఉంటే ఆ ఇంటి కలిమి అంతగా కనిపించేది. బ్రిటన్‌లో 1874లో పంచదార మీద సుంకం ఎత్తేశాక ఆ తెలుపు మధ్యతరగతి ఇళ్లకూ దిగింది. ఎత్తైన కేకులు మాత్రం మొదట కొంత మాయే. 1858లో విక్టోరియా పెద్దకూతురి పెళ్లి కేకులో పై అంతస్తులు ఉత్త పంచదార కట్టడాలు. 1882లో ప్రిన్స్ లియోపోల్డ్ పెళ్లికి గానీ అన్ని అంతస్తులూ తినే కేకుగా రాలేదు.

ఆ ఎత్తును నిలబెట్టింది రాయల్ ఐసింగ్. గుడ్డు తెల్లసొనలో మెత్తని పొడి పంచదార కలిపి గిలకొడతారు. గిన్నెకు నూనె చుక్క అంటుకుని ఉన్నా సొన సరిగా పొంగదు. ఆరితే రాయిలా గట్టిపడుతుంది కాబట్టి కత్తి దిగడానికి కాస్త గ్లిజరిన్ కలుపుతారు. దాని కింద బాదం ముద్దతో చేసిన మార్జిపాన్ పొర ఉంటుంది. లోపలి ఫ్రూట్ కేకు గోధుమ రంగు పైకి ఊరి తెలుపును పాడుచేయకుండా కాపాడేది అదే. ఇక తెలుపు మరింత మెరవాలంటే తెల్లబట్టలకు నీలిమందు పెట్టినట్టే ఐసింగ్‌లో ఓ బొట్టు నీలం రంగు వేస్తారు.

లేసు గౌనుకు ఈ ఐసింగ్‌ను మించిన జోడీ లేదు. జోసెఫ్ లాంబెత్ పేరుతో స్థిరపడిన పద్ధతిలో ఒక గీత గీసి, ఆరనిచ్చి, దాని మీద ఇంకొకటి, ఆపైన మరింత సన్నటిది గీస్తారు. నీడలు పడి అల్లికకు లోతు వస్తుంది. బ్రష్ ఎంబ్రాయిడరీ అయితే రేకు అంచును ఐసింగ్‌తో గీసి, తడి ఆరకముందే తడి కుంచెతో లోపలికి లాగుతారు. దూరం నుంచి చూస్తే దారంతో కుట్టినట్టే ఉంటుంది.

శాటిన్ గౌను సంగతి వేరు. దాని అందం నునుపులో ఉంటుంది కాబట్టి పలచగా ఒత్తి పరిచిన పంచదార ముద్ద, అంటే ఫాండెంట్ నప్పుతుంది. గాలికి కదిలే షిఫాన్, జార్జెట్‌లకు బటర్‌క్రీమ్ మీద కత్తితో తీసిన అలలు బాగుంటాయి. గౌను ఆకారం కూడా లెక్కలోకి వస్తుంది: ఘేరు ఎక్కువైతే కేకు అడుగు వెడల్పుగా, ఒంటికి అమరే కోతైతే సన్నగా పొడవుగా.

2018 మే 19న విండ్సర్‌లో తన పెళ్లికి మేఘన్ మార్కెల్ వేసుకున్న జివాన్షీ గౌనులో బట్ట ముక్కల్ని కలిపే కుట్లు ఆరే. లేసు, పూసల హంగు లేదు. క్లెయిర్ టాక్ చేసిన కేకులోనూ తోరణాలు, స్తంభాలు లేవు. నిమ్మ, ఎల్డర్‌ఫ్లవర్ రుచుల కేకు, పైన స్విస్ మెరాంగ్ బటర్‌క్రీమ్, తాజా పూలు. అంతస్తులుగా పేర్చకుండా విడివిడి స్టాండ్ల మీద పెట్టారు.

ఎక్కువమంది తడబడేది రంగు దగ్గర. పెళ్లి గౌన్లలో చాలావరకు మీగడ రంగువి. వాటి పక్కన మల్లెపువ్వులాంటి కేకు పెడితే బట్ట మాసినట్టు కనిపిస్తుంది. వెన్న వల్ల బటర్‌క్రీమ్‌కు లేత పసుపు ఛాయ ఎలాగూ ఉంటుంది, అది మీగడ రంగుకు కలిసొస్తుంది. గౌను బట్ట ముక్కను బేకరీకి తీసుకెళ్లి, విందు వేళ ఉండే వెలుతురులోనే ఐసింగ్ పక్కన పెట్టి చూడటం మేలు.

చర్చి పెళ్లిళ్లలో తెలుగు వధువులు చాలామంది తెల్లని లేదా మీగడ రంగు జరీ పట్టుచీర కట్టి, తల మీద ముసుగు వేసుకుంటారు. అంత చీరనూ కేకు మీదకు దించితే గందరగోళమే. అంచులోని ఒక్క డిజైన్, అదీ అడుగు అంతస్తుకే, తినదగిన బంగారు పొడితో తీస్తే సరిపోతుంది. పమిట ఒకవైపే జారుతుంది గనుక పూలను కూడా ఒకవైపే పై నుంచి కిందికి దిగనివ్వవచ్చు. మూడు స్టెప్పుల కేకు మే నెల పెళ్లికైతే విశాఖ, కాకినాడ ఉక్కబోతను ముందే తలచుకోవాలి. ఆ ఎండల్లో వెన్న కరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫాండెంట్‌కు చెమట పడుతుంది. ఆరుబయట విందుకు చాక్లెట్, క్రీమ్ కలిపిన గనాష్ పూత మీద ఫాండెంట్ పరిచి, ఏసీ గదిలో ఉంచి, కోసే వేళకే బయటికి తేవడం నయం.

కేకుకు ఆర్డరు ఇవ్వాల్సింది చీర లేదా గౌను ఖాయమయ్యాకే. గమ్‌పేస్ట్ (ఆరితే గట్టిపడే పంచదార ముద్ద) పూలు రేకు రేకుగా చేసి ఆరబెట్టాలి, వాటిని వారాల ముందే చేసి దాచుకోవచ్చు. గీత మీద గీత వేసే పనికి ప్రతిసారీ ఆరే గడువు కావాలి. తాజా పూలు పెట్టేదైతే మందులు కొట్టనివీ, విషం లేనివీ ఎంచుకోవాలి. గన్నేరు అందుకు అసలు పనికిరాదు. బేకరీలో కూర్చున్నప్పుడు ఫోనులోని పది కేకు ఫొటోలకన్నా పట్టుచీర అంచు ఫొటో ఒక్కటి, జాకెట్టు బట్ట ముక్క ఒకటి, విందు హాలు ఫొటో ఒకటి ముందు పెడితే మాట త్వరగా తెములుతుంది.