గుర్రం దగ్గరికే వచ్చే డాక్టరు

పెళ్లి బరాతుల్లో నడిచే గుర్రానికి జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడమే పెద్ద గండం. కడుపుశూలతో నేలమీద పొర్లుతున్నదాన్ని బండెక్కించేదెవరు? అందుకే మందుల పెట్టెతో గుర్రపుశాలకే వచ్చే పశువైద్యులంటే నాకు ఎనలేని గౌరవం.

వాళ్లు పనిచేస్తుంటే చూడాలి. ముందు మెడ నిమిరి మచ్చిక చేసుకుంటారు. దవడ ఎముక అంచున వేళ్లు ఆనించి నాడి చూస్తారు. నింపాదిగా నిలబడ్డ పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. తర్వాత డొక్కలకు స్టెతస్కోపు ఆనించి పేగుల చప్పుడు వింటారు. ఏమీ వినిపించలేదంటే ప్రమాదమే. గుర్రం వాంతి చేసుకోలేదు మరి! అందుకే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి లోపలి ఒత్తిడి తగ్గిస్తారు. నొప్పితో బెదిరిన జంతువు పక్కన నిలబడి ఆ పని చేయడానికి ఎంత నేర్పు, ఎంత గుండెధైర్యం కావాలి!

జబ్బు రాకుండా చూడటం ఇంతకంటే గొప్ప పని, దానికి చప్పట్లు కొట్టేవాళ్లే తక్కువ. ధనుర్వాతం క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది. లాడం మేకు గుచ్చుకున్నా లోపలికి చేరగలదు. టీకా వేయిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

గ్లాండర్స్ అనే జబ్బు అలా కాదు. దానికి టీకా లేదు, మనుషులకూ సోకుతుంది. అనుమానం వస్తే రక్తం తీసి పరీక్షకు పంపుతారు. ఆ పరీక్షకు హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. జబ్బు ఖాయమైతే గుర్రాన్ని చంపక తప్పదు. ఆ గుర్రమే బతుకుతెరువైన మనిషికి ఆ కబురు చెప్పి, నష్టపరిహారం కాగితాలు దగ్గరుండి రాయించే డాక్టర్లకు చేతులెత్తి మొక్కాలి.