మొదటి పిలుపు సరే, రెండో పిలుపో?

కండక్టర్ అనగానే మనకి భుజాన సంచీ, నోట్లో ఈల, చేతిలో టిక్కెట్ల కట్ట గుర్తొస్తాయి. పాశ్చాత్య సంగీతంలో కండక్టర్ వేరు. ఎనభైమందో వందమందో వాద్యాలు పట్టుకుని కూచుంటే, వాళ్ళకెదురుగా నిలబడి, సభకి వీపు పెట్టి, చిన్న కర్రతో అందర్నీ ఒక్క ఊపిరి మీద నడిపించే మనిషి. మన కచేరీల్లో ఆ అవసరం లేదు, పాడేవాళ్ళే తొడమీద తాళం వేసుకుంటారు.

ఆ కర్ర పట్టుకున్న ఒక ఆడమనిషి గురించి వచ్చిన రెండు సినిమాలు మా అమ్మాయి పుణ్యమా అని ఈమధ్య వరసగా చూశాను. మనిషి ఒక్కరే, అంటోనియా బ్రికో. ఒకటి 1974లో జూడీ కాలిన్స్, జిల్ గాడ్‌మిలో అనే ఇద్దరు స్త్రీలు తీసిన డాక్యుమెంటరీ, ‘అంటోనియా: ఎ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఉమన్’. రెండోది 2018లో మరియా పీటర్స్ అనే డచ్చి దర్శకురాలు తీసిన కథాచిత్రం, ‘ది కండక్టర్’.

కథాచిత్రం చూస్తున్నంతసేపూ బాగానే ఉంది. దుస్తులు, దీపాలు, పాత న్యూయార్కు, అన్నీ కంటికి ఇంపే. నాయిక కచేరీ హాల్లో సీట్లు చూపించే పేదపిల్ల. ధనవంతుల అబ్బాయి ప్రేమిస్తాడు. పెళ్ళా సంగీతమా అన్న ప్రశ్న వస్తుంది. మన నవలల్లో ఎన్నిసార్లు చదవలేదూ! చివరికి ఆడవాళ్ళ ఆర్కెస్ట్రా, చప్పట్లు, శుభం.

నా పేచీ అక్కడే. అసలు బ్రికో 1902లో హాలెండులోని రోటర్‌డామ్‌లో పుట్టింది. పెంచుకున్నవాళ్ళు విల్హెల్మీనా అని పేరు మార్చి, ఆరేళ్ళ వయసులో కాలిఫోర్నియాకి తీసుకుపోయారు. గోళ్ళు కొరికే అలవాటు మానుతుందని డాక్టరెవరో సలహా ఇస్తే పియానో నేర్పించారట. (మనవాళ్ళయితే వేపాకు రసం రాసేవాళ్ళు.) బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదివి 1923లో పట్టా పుచ్చుకుంది. తరవాత జర్మనీ వెళ్ళి, కార్ల్ ముక్ అనే పేరుమోసిన కండక్టర్ దగ్గర శిష్యరికం చేసింది. బెర్లిన్ సంగీత విద్యాలయంలో కండక్టింగ్ పై తరగతి 1929లో పూర్తిచేసింది. అంత చదువుకున్న మనిషిని సీట్లు చూపించే పిల్లగా మార్చడం ఎందుకండీ? పేదపిల్ల అయితేనే మనకి జాలి కలుగుతుందనా?

ఇంకో సంగతి. ఆవిడకి మొదటి అవకాశాలు రాలేదనుకుంటే పొరపాటే. 1930లో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే, సాక్షాత్తూ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌ని నడిపించింది. ఆ ఏడే అమెరికాలో హాలీవుడ్ బౌల్. 1933లో న్యూయార్కు మెట్రోపాలిటన్ ఒపేరా భవనంలో, ఉద్యోగాలు లేని వాద్యకారుల ఆర్కెస్ట్రాతో కచేరీలు. వాటి మధ్యలో జాన్ చార్లెస్ థామస్ అనే ప్రసిద్ధ గాయకుడు, ఆడమనిషి నిలబడి నడిపిస్తే తను పాడనన్నాడు. అంతే, ఆవిడ అవకాశం పోయింది. 1934లో అచ్చంగా ఆడవాళ్ళతోనే ఒక ఆర్కెస్ట్రా కట్టి చూపించింది. ఆడవాళ్ళు ఇత్తడి బాకాలూదగలరా, భేరీలు వాయించగలరా అన్నవాళ్ళకి అదే జవాబు. ‘మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి వాయించడమే కదా నాకు కావలసింది’ అన్నట్టుగా 1939లో మగవాళ్ళనీ చేర్చుకుంది. చిత్రమేమంటే, వింత పోయాక ఆ ఆర్కెస్ట్రా నిలవలేదు. 1938లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌ని నడిపిన మొదటి స్త్రీ కూడా ఆవిడే.

ఇన్ని ‘మొదటి’లున్నాయి, ఒక్క స్థిరమైన ఉద్యోగం లేదు! ఆడకూతురు కర్ర పట్టిందట, చూసొద్దాం అని జనం ఒకసారి వస్తారు. పత్రికలు ఫోటోలు వేస్తాయి. రెండోసారి పిలవాలంటే సంగీతం కోసం పిలవాలి. ఆ పిలుపే రాలేదు. కథాచిత్రం చప్పట్లతో ముగిసేది సరిగ్గా ఈ కష్టం మొదలయ్యే చోట.

డాక్యుమెంటరీకి ఈ విషయం తెలుసు. తీసినవాళ్ళలో జూడీ కాలిన్స్ పేరున్న గాయని. చిన్నతనంలో డెన్వర్‌లో బ్రికో దగ్గరే పియానో నేర్చుకుంది. ఆ పిల్ల జానపదాల వైపు వెళ్ళిపోతే గురువుగారికి నచ్చలేదు. ఆ శిష్యురాలే కెమెరాతో తిరిగొచ్చింది. కథ చాలామట్టుకు ఆవిడ నోటనే వింటాం గనక అవతలి పక్షం తెలియదు, అదొక లోటే. అయినా ఆ ముసలావిడ మొదట నవ్వుతూ, జోకులేస్తూ మాట్లాడి, మాట్లాడి, ఉన్నట్టుండి బద్దలవుతుంది చూడండీ, ఏ నటి వల్లా కాదు. ఏడాదికి నాలుగైదు కచేరీలు దొరుకుతున్నాయి, నెలకి నాలుగైదు చేసే శక్తి తనకుంది, అని గోల.

అది వింటూంటే మా పిన్ని వీణ గుర్తొచ్చింది. పెళ్ళయ్యాక ఇరవయ్యేళ్ళు గవిసెన తొడిగి మూల పెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఓ సాయంత్రం దుమ్ము దులిపి, తీగలు మార్చి, మళ్ళీ మొదలెట్టింది. వేళ్ళు మొరాయించాయి, కానీ వాద్యం ఇంట్లోనే ఉంది కదా! కండక్టర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఆవిడ వాద్యం ఎనభైమంది మనుషులు. ఎవరో పిలిచి చేతికిస్తేనే సాధన. గదిలో ఒక్కతీ నిలబడి కర్ర ఊపితే పలికేదేముంది?

1942 నుంచి బ్రికో డెన్వర్‌లోనే ఉండిపోయి పాఠాలు చెప్పుకుంది, అక్కడి ఔత్సాహికుల ఆర్కెస్ట్రాని నడిపింది. అమెరికాలో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకి స్త్రీ సంగీత దర్శకురాలు కావడం 2007లోగానీ జరగలేదు, బాల్టిమోర్‌లో మారిన్ ఆల్సప్.

డాక్యుమెంటరీ విడుదలై, ఆస్కార్ పోటీదాకా వెళ్ళాక, ఊరూరా ఈవిడ పేరు మోగింది. 1975లో న్యూయార్కు మోస్ట్లీ మొజార్ట్ ఉత్సవం వాళ్ళు పిలిచారు. టిక్కెట్లన్నీ అమ్ముడుపోయి, మరోసారి చేయించారు. హాలీవుడ్ బౌల్ వాళ్ళు కూడా నలభై అయిదేళ్ళ తరవాత మళ్ళీ పిలిచారు. అప్పటికి ఆవిడకి డెబ్భై మూడేళ్ళు.