కొండదొంగ ఏ భాషవాడు?

కోయంబత్తూరులో మా ఇంటి వసారాలో రాత్రిపూట అవ్వ కథలు చెప్పేది. మాకైతే తెలుగులో చెప్పేది. పక్కింటి పిల్లలు వచ్చి కూర్చుంటే అదే కథను అరవంలో అందుకునేది. అప్పుడు కథలో వంటలు మారేవి, తిట్లు మారేవి, దెయ్యం ఎక్కే చెట్టూ మారేది. "ఎందుకవ్వా మార్చేశావు?" అంటే, "వినేవాళ్ళు వేరే కదరా" అనేది. ఇన్నేళ్ళుగా తర్జుమాలు చేస్తున్నా, నా పనికి అంతకన్నా మంచి సూత్రం నాకు దొరకలేదు.

ఆ సూత్రాన్ని వెండితెర మీద నడిపించిన మనిషి ఉన్నది మా ఊళ్ళోనే. 1910లో తిరుచ్చిలో పుట్టిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో నడిపారు. విక్టర్ హ్యూగో నవల ‘లే మిజరబుల్స్’ను 1950లో తమిళంలో ‘ఏళై పడుం పాడు’గా, తెలుగులో ‘బీదల పాట్లు’గా నిర్మించారు. రెండింటిలోనూ నాగయ్యే కథానాయకుడు. పారిస్ కష్టాలు మన కష్టాలయ్యాయి.

1954లో ఆయన స్వయంగా దర్శకత్వం వహించి ‘మలైక్కళ్ళన్’ తీశారు. ఆ పేరుకు అర్థం కొండదొంగ. నామక్కల్ రామలింగం పిళ్ళై కథ, కరుణానిధి మాటలు, ఎం.జి.ఆర్., భానుమతి జంట. ఆ సినిమాకు రాష్ట్రపతి రజత పతకం వచ్చింది. అదే ఏడాది తెలుగులో ఎన్.టి.ఆర్.తో ‘అగ్గి రాముడు’, 1955లో హిందీలో దిలీప్ కుమార్‌తో ‘ఆజాద్’, 1957లో మలయాళంలో సత్యన్‌తో ‘తస్కరవీరన్’, కన్నడంలో కల్యాణ్ కుమార్‌తో ‘బెట్టద కళ్ళ’ వచ్చాయి. సింహళంలోనూ ఈ కథను తీశారు.

ఉన్నవాళ్ళను దోచి పేదలను ఆదుకునే దొంగ అన్నింటిలోనూ ఒక్కడే. కానీ తెలుగు సినిమాలోకి బుర్రకథ కళాకారుడు నాజర్ వచ్చారు, అల్లూరి సీతారామరాజు బుర్రకథ చెప్పారు. కొండల్లో తిరిగే వీరుడంటే తెలుగువాడి మనసులో మెదిలేది ఎవరో తెలిసి చేసిన పని అది. ఇక విషాద పాత్రలకు పేరుపడ్డ దిలీప్ కుమార్ ‘ఆజాద్’లో వేషాలు మారుస్తూ హుషారుగా తిరిగారు. హిందీ ప్రేక్షకుడికి అదే కొత్త రుచి.

నా తర్జుమాల్లో మూలంలోని మాటను పోనివ్వకపోవడమే నిజాయితీ అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. అలా రాసిన పేజీలు ఇప్పుడు చదివితే, చుట్టాలింట్లో బెరుగ్గా కూర్చున్న పిల్లాడు గుర్తొస్తాడు. కథ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆ ఇంటి బిడ్డలా తిరగాలి. అందుకే తర్జుమా పూర్తయ్యాక పైకి చదువుకుంటాను. దెయ్యం ఇంకా పాత చెట్టు మీదే కూర్చుని ఉంటే, మళ్ళీ మొదటినుంచీ రాస్తాను.