బాణాసురుని పక్షమున

సాగదీత యనునది కథకు పట్టిన చీడ యని ఈ శీర్షికలో ఎన్ని పర్యాయములు వ్రాసితినో నాకే లెక్క లేదు. అత్తగారి ఒక్క చూపును మూడు దిక్కుల నుండి ముమ్మారు చూపి, దానికి పిడుగు చప్పుడు జతచేసి, అంతటితో ఆనాటి భాగమును ముగించు టీవీ ధారావాహికలపై నేను వెళ్ళగ్రక్కిన విషము, విడువక చదువు పాఠకులకు ఈపాటికి కంఠస్థమై యుండును. కనుక వేసవి సెలవులకు ఈపురుపాలెము వచ్చిన మా మనుమరాలు, 2010లో ఒక్క చలనచిత్రముగా శుభాంతమై ముగిసిన రపుంజెల్ కథను డిస్నీవారు 2017 మొదలు 2020 వరకు మూడు సీజన్ల బొమ్మల ధారావాహికగా నడిపిరనియు, తాను వానినన్నిటిని వరుసగా చూడ నిశ్చయించితిననియు ఈ వారము ప్రకటించినప్పుడు నాకు కలిగిన చిరాకు ఎట్టిదో వారూహింపగలరు. పెండ్లి భోజనములు ముగిసి విస్తళ్ళెత్తిన పిమ్మట మరల వడ్డన ప్రారంభించుట వంటిదిగదా యిది!

చిరాకు పడుచునే పిల్ల ప్రక్కన కూర్చుండి చూచితిని. ఆ భాష నాకు సగమే పట్టుబడినను, తక్కిన సగమును మనుమరాలు విసుగుకొనక చెప్పుచు వచ్చినది. చలనచిత్రమును నేను ఇదివరకే చూచియుంటిని. అందు రాజు నోట ఒక్క మాటయైనను లేదు. బిడ్డను మంత్రగత్తె యెత్తుకొనిపోయి 18 ఏండ్లు గోపురములో దాచగా, ఆ తండ్రి యేటేట బిడ్డ పుట్టినరోజున ఆకాశమునకు దీపములు వదలును, ఒక్కమారు కన్నీరు పెట్టుకొనును, కడపట కూతును కౌగిలించుకొనును. అంతకు మించి కథలో ఆయనకు పని లేదు. ధారావాహికలోనో, ఆయనకు ఫ్రెడరిక్ అను పేరును, బరువైన యొక గొంతును లభించినవి. ఆ గొంతుతో ఆయన చేసిన తొలి ఘనకార్యములలో ఒకటి, తన యనుమతి లేక కోట గోడలు దాటరాదని, దొరికిన బిడ్డను శాసించుట.

"ఈ నాన్న కూడా ఆ మంత్రగత్తె లాగే చేస్తున్నాడేంది తాతయ్యా?" అని మనుమరాలు అడిగినది.

ప్రశ్న చిన్నది గాని, నన్ను రెండు రాత్రులు విడువలేదు. పాశ్చాత్యుల కథలలో తండ్రులు పూర్వము ఇట్టివారు కారు. గ్రిమ్ సోదరులు 1812లో ప్రకటించిన కథలో రపుంజెల్ తండ్రి, గర్భవతియైన భార్య కోరిన ఆకుకూరకై మంత్రగత్తె పెరటి గోడ దూకి, పట్టుబడి, ప్రాణభీతిచే పుట్టబోవు బిడ్డను ధారపోసి, అటుపై కథ నుండియే జారుకొన్నవాడు. 1837లో ఆండర్సన్ వ్రాసిన మత్స్యకన్య కథలో భార్య గతించిన సముద్రరాజునకు పిల్లల పెంపకమును గూర్చి చింతయే లేదు. ఆ భారమంతయు ఆయన తల్లిది. అదే కథ 1989లో వెండితెర కెక్కునప్పటికి ఆ రాజు కోపముచే కూతురు గుహలో కూర్చుకొన్న వస్తువులనన్నిటిని ధ్వంసము చేయు తండ్రియైనాడు. 1992లో టీవీలోనికి దిగి, కథారంభమునకు ముందరి దినములను వారము వారము చూపుట మొదలిడగా, బిడ్డతో తగవుపడుట యాయనకు నిత్యకృత్యమైనది. కూతుళ్ళను అమ్ముకొనువారును, మరచువారును పోయి, వారి స్థానమున కావలి కాయువారు వచ్చిరి.

మనకో, కావలి తండ్రి కొత్తవాడు కాడు. ఒంటి స్తంభపు మేడ యెఱుగని తెలుగు బాల్యమున్నదా? అయితే ఆ మేడను గూర్చి నాకు చిరకాలముగా ఒక ఊహ యున్నది. భారతములో దాని నెక్కినవాడు రాకుమార్తె కాదు, పరీక్షిన్మహారాజు. ముని శాపముచే ఏడవనాడు తక్షకుని కాటుకు చావవలసిన ఆ ప్రభువు, ఒంటి స్తంభముపై సౌధము కట్టించి, వైద్యులను మంత్రవేత్తలను చుట్టును నిలిపి కూర్చుండెను. తక్షకుడు పండులో పురుగై లోపలికి వచ్చెను. ఒక మగవాడు తన చావునకు భయపడి కట్టుకొన్న యింటిని, తరువాతి కథకులు పురుగు ప్రవేశించిన సంగతి మరచి, ఆడపిల్లలకు విడిదిగా నిచ్చిరని నా యభిప్రాయము.

ఆ విడిదిలో మా బాల్యమున నివసించినది బాణాసురుని కూతురు ఉష. పురాణము ఆమె కన్యాంతఃపురమున నున్నదని చెప్పును; మా యూరి హరికథలలో మాత్రము అది ఒంటి స్తంభపు మేడయే. వేయి చేతుల తండ్రి, సాక్షాత్తు శివుడే కావలియైన శోణితపురము, ఇన్నిటి నడుమ ఉష ఒక కల కనును. మంత్రి కూతురు చిత్రరేఖ బొమ్మలు గీసి, ఆ కలలోని వాడు శ్రీకృష్ణుని మనుమడు అనిరుద్ధుడని కనిపెట్టి, ద్వారకకు ఎగిరిపోయి వానిని తెచ్చి యిచ్చును. నేల మీద నున్న గోడలు ఆకాశమునకేమి చేయగలవు? కూతుఱును అల్లుడును పాచికలాడుచుండగా తండ్రి వచ్చిపడును, నాగపాశము, యుద్ధము, కృష్ణుడు చేతులు నరకి నాలుగింటిని మిగుల్చుట. 1961 నాటి ఉషాపరిణయ చిత్రములో ఎస్.వి. రంగారావు ఆ బాణుని ధరించెను. ప్రతినాయకుడన్నవానికి రంగారావు దేహమునకంటె తగిన బంగళా తెలుగుదేశమున లేదన్న నా సిద్ధాంతమును మరల ప్రస్తావించుటకు ఇది చోటు కాదు గావున, ఆ విషయమై రేపల్లె నుండి నాకు ఉత్తరములు వ్రాయువారు శాంతింతురు గాక.

నేను బాణుని మొట్టమొదట ఎఱిగినది హరికథలో గాదు, వెండితెర మీదను గాదు; మా ప్రక్కయింటి మగ్గము గుంటలో. ఆ యింటి పెద్దను వీధిపిల్లలమందఱము పెదనాన్న యని పిలిచెడివారము. చీరాల చుట్టుపట్ల నేతపని ఎట్టిదో ఈ ప్రాంతపు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. ఆయన గుంటలో కాళ్ళు వ్రేలాడవైచి కూర్చుండి నాడె విసరుచుండ, నాడెలోని కండె ఖాళీయైనప్పుడెల్ల క్రొత్త కండె అందియ్యవలెను; ఆ కండెలను ఆయన పదేండ్ల కూతురు రాట్నము మీద చుట్టుచుండెడిది. కథ లేనిచో రాట్నము మందగించునని గ్రహించిన ఆ నేతగాడు, ఉషా కథను ఒక పడుగు మగ్గము మీద నుండి దిగునంతవరకు, దినమున కింత చొప్పున, చెప్పుచుండెడివాడు. వానలకు గుంటలో నీరూరి మగ్గమాగిన దినములలో కథయు ఆగెడిది. ఎక్కడ ఆగినదో పెదనాన్న మరచినను కూతురు మరువదు. వీధిపిల్లలము గడపకు ఆవల చేరి వినెడివారము.

అన్ని దినములు నడపుటకు పురాణములోని బాణుడు చాలడు. యుద్ధము ఒక పూటకు సరిపోవును, చిత్రరేఖ బొమ్మలు రెండు పూటలకు. పిమ్మట ఏమి చెప్పవలెను? అందునా ఆ పిల్లకు ప్రశ్నలెక్కువ. ఉషను మేడలో ఎందుకుంచిరని అడిగిన తొలినాడు ఆయన, "రాచోళ్ళ పిల్లమ్మా, బయట తిరగనిస్తారా?" అని తేల్చివేసెను. ఆ సమాధానము మఱునాటికి నిలువలేదు. శివుని చెంత బాణుడు తనకు సాటియగు వానితో పోరు కోరుట, నీ ధ్వజము కూలిననాడు అట్టివాడు వచ్చునని శివుడు పలుకుట పురాణములోని మాటలే. అందు బాణుడు ఆ మాటకు ఉప్పొంగినాడు. పెదనాన్న బాణుడు ఉప్పొంగలేదు. "అది మొదలు పొద్దున్నే లేవగానే ముందు జెండాకేసి చూసుకునేవాడు, నిలబడే ఉంది. తర్వాత పిల్ల మేడకేసి చూసుకునేవాడు" అని యొకనాడు చెప్పెను. మఱియొకనాడు, వేయి చేతులలో ఏ చేతితో పసిబిడ్డను ఎత్తుకొనవలెనో తెలియక ఆ తండ్రి పడిన యవస్థను వర్ణించి మమ్ము పొట్టచెక్కలగునట్లు నవ్వించెను. ఏ వ్యాసుడును పోతనయు చెప్పని యీ సంగతులన్నియు రాట్నము కొరకు పుట్టినవి.

ఇట్లుండగా ఒక మధ్యాహ్నమున ఆ పిల్ల, "మరి నేను రాజుల పిల్లని కాదుగా నాన్నా, నన్నెందుకు చీరాల బడికి పంపవు?" అన్నది.

వీధిలోని పెద్దలడిగినప్పుడు ఆయన చెప్పు సమాధానములు మాకందఱకు తెలియును: దూరము, రోడ్డు, కాలము మంచిది కాకపోవుట, ఎదిగే పిల్ల. ఆనాడు అవి యేవియు రాలేదు. మగ్గమాగినది. "కండెలెవురు చుడతారే?" అన్నాడు.

తండ్రుల కాపలాను గూర్చి ఇంత నిజాయితీగల మాటను ఏ కావ్యములోను నేను చదివి యెఱుగను. మాస్టర్ వీవరు చీరకింతయని యిచ్చు కూలి మగ్గము మీది మనిషి చేతికి వచ్చును; రాట్నము ముందు కూర్చున్న ఆడువారికిని పిల్లలకును వేఱుగా పైస యుండదు. భయమును ప్రేమయు పైనున్న మాట నిజమే, క్రింద మాత్రము ఇంటి లెక్క యొకటి యుండును. పెదనాన్న దుర్మార్గుడు కాడు. ఆ పిల్లను ఎన్నడును పల్లెత్తు మాట యనలేదు. ఆమె చీరాల బడికి పోనులేదు. కొన్నేండ్లకు వేటపాలెములో ఒక మగ్గమున్న యింటికే కోడలైనది.

ఆ కథ ముగింపు కూడ చెప్పవలెను. ఓడిన బాణుడు కూతును అల్లునితో రథమెక్కించి పంపెనని భాగవతము. సాగనంపునప్పుడు ఆ తండ్రి బిడ్డతో ఏమన్నాడో చెప్పుటకు పెదనాన్నకు ఒక పూట యంతయు పట్టినది. మిగిలిన నాలుగు చేతులలో రెంటితో ఆమెను రథమెక్కించి, రెంటితో కన్నులు తుడుచుకొని, ఆ మేడ కట్టించుటకు అయిన ఖర్చును, రాళ్ళు తెచ్చిన కొండలను, అందులో ఆమె తొలిసారి నడచిన గదిని ఆయన ఏకరువు పెట్టుచుండగా, ఉష రథము కదలనీయక వినినదట. వినుచున్న కూతురు రాట్నమాపినది. పెదనాన్న కండె అడుగలేదు.

బొమ్మల కథల రాజులకు ఈ కండెల చిక్కు లేదు. ఫ్రెడరిక్కునకు కూతురి వలన జరుగవలసిన పని యేమియు లేదు గనుక, ఆయన భయము శుద్ధమైన భయము, కలవారి భయము. మన హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ సంస్థ తీయగా 2008లో పోగో చానెలులో మొదలైన ఛోటా భీమ్ సంగతి మఱియు వింత: ఢోలక్‌పూరు రాజు ఇంద్రవర్మ తన కుమార్తె ఇందుమతిని ఊరి పిల్లలతో హాయిగా ఆడుకొననిచ్చును, రాజ్యమునకు ఆపద వచ్చెనా, లడ్డూలు తిను తొమ్మిదేండ్ల భీమునికి కబురంపును. ఇందుమతి యనగానే పాతాళభైరవి స్మరణకు వచ్చుట మా తరమువారికి సహజము. 1951 నాటి ఆ ఉజ్జయినీపతి, ఉద్యానములో దొరికిన తోటరామునికి నాతో సమానమైన సంపద తెమ్మని షరతు పెట్టెను. అక్కడ గోడ యెత్తును ధనముతో కొలిచిరి. ఆయన మనసులో నేమున్నదో అడుగుటకు ఆ మహాచిత్రమునకు తీరిక లేదు, రంగారావు మాంత్రికుడు తెరమీదికి రావలసియున్నది గదా!

నేను చెప్పబోవు మాట ఇక్కడ నున్నది. ఒక్క కూర్చుండుటలో ముగియు కథకు తండ్రి యక్కరలేదు, గోడ చాలును. నాయకుడు దూకుటకు ఎత్తైన దొకటి కావలెను. అది రాతిదైనను సరే, తండ్రియైనను సరే. దినదినము సాగు కథలో గోడను ఒకమారే దూకగలరు. మఱునాడును ఆ తండ్రి అదే యింట నిద్రలేచును, ఎదురుగ కూతురుండును, ఏదో యొకటి మాటలాడక తప్పదు. అందుచేతనే చలనచిత్రములో మూగయైన రాజు ధారావాహికలో నోరు విప్పినాడు. మొదటి సీజను గడచునప్పటికి, రాణిని బ్రతికించుటకై తాను తెప్పించిన మాయపువ్వు వలన రాజ్యమునకు వచ్చిన కీడును కూతురితో చెప్పుకొనక తప్పలేదు. రెండవ సీజనులో ఆమె బండి కట్టుకొని గోడలు దాటి పోయినది, తండ్రి సమ్మతి తోడనే. మంత్రగత్తెకును ఈ నాన్నకును గల భేద మిదియే యని మనుమరాలికి చెప్పితిని: ఆమె చివరిదాక నిజము చెప్పలేదు, ఈయన ఆలస్యముగనైనను చెప్పినాడు. ఒక్క సినిమా నిడివిలో ఈయనకు ఆ యాలస్యము చేయు వ్యవధి దొరకదు.

అనగా సాగదీతను సమర్థించుచున్నానా? అవును, ఈ యొక్క విషయమున. ఎవరెవరు ముక్కున వేలు వేసికొందురో కూడ ఎఱుగుదును. అత్తగారి చూపును సాగదీయువారికి మాత్రము దీనిలో ఊరట లేదు. వారు సాగదీయునది చూపును, మనిషిని కాదు. రాట్నము వద్ద కూర్చుండి ఎందుకని అడుగు పిల్ల వారికి లేదు.

కావున హైదరాబాదులో బొమ్మలకు ప్రాణము పోయు కళాకారులకు నా విన్నపము. ఉషా కథను మీరు ధారావాహికగా తీయుడు. చిత్రరేఖ మీ వృత్తిదే, బొమ్మలు గీయుటచేతనే కథను నడిపిన పిల్ల. ఆమెను మీకు ఎవరును నేర్పనక్కరలేదు. బాణుని మాత్రము జాగ్రత్తగా చూచుకొనుడు, కనీసము ఇరువది భాగములు ఆయన గడపకు వదలుడు, లెక్కలతో సహా మాటలాడనిండు. ఎన్ని భాగములు సాగినను ఈ శీర్షికలో ఆక్షేపణ యుండదని మాట యిచ్చుచున్నాను. నడుమనడుమ దూర్చు వాణిజ్య ప్రకటనల సంగతి వేఱు. దాని పని వచ్చువారము పట్టెదను.