హిందూ మహాసముద్ర పటసంపుటి: ఒక విమర్శ

శాస్త్రగ్రంథాన్ని విమర్శించేటప్పుడు అందులో ఏమున్నదో చెప్పి ఊరుకుంటే చాలదు. అది ఏ ప్రశ్నకు జవాబు ఇవ్వగలదో, ఏ ప్రశ్నకు ఇవ్వలేదో కూడ విచారించాలి. క్లౌస్ విర్ట్కి కూర్పుతో 1971లో అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ వెలువరించిన హిందూ మహాసముద్ర పటసంపుటి అటువంటి విచారణకు తగిన గ్రంథం. మన పాఠ్యపుస్తకాలలో ఈ సముద్రం గురించి చెప్పే సంగతులు అనేకం ఆ కాలపు కొలతల నుండి వచ్చినవే కనుక, ఉపాధ్యాయులకు ఇది దూరపు విషయం కాదు.

గ్రంథం పుట్టుపూర్వోత్తరాలు ముందు తెలుసుకోవాలి. మహాసముద్రాలలో హిందూ మహాసముద్రం గురించి శాస్త్రజ్ఞులకు తెలిసినది బహుస్వల్పంగా ఉండేది. ఆ లోపాన్ని తీర్చడానికి 1959 నుండి 1965 వరకు అంతర్జాతీయ పరిశోధనా యాత్ర జరిగింది. పన్నెండుకు పైగా దేశాలు సుమారు నలభై నౌకలను పంపాయి. మన నౌకాదళం నుండి పాల్గొన్న 'కిస్త్నా' నౌక పేరు మన కృష్ణానదిదే. యునెస్కో ఆధ్వర్యంలో 1960లో ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సముద్రవిజ్ఞాన సంఘం ఈ కృషిని సమన్వయం చేసింది.

ఇన్ని దేశాలవారు కొలిచినవాటిని ఒకచోట పోల్చాలంటే కొలిచే పద్ధతి ఒకటి కావాలి. సూక్ష్మ జంతుజాలాన్ని పట్టడానికి అందరికీ ఒకే 'ప్రామాణిక వల'ను నిర్ణయించారు. దాని మూతి వైశాల్యం ఒక చదరపు మీటరు. 200 మీటర్ల లోతు నుండి పైకి లాగాలి. పట్టినవాటిని కొచ్చిన్‌లో నెలకొల్పిన కేంద్రానికి పంపి వేరుచేయించారు. సమన్వయం అంటే సభలు జరిపి తీర్మానాలు చేయడం కాదు, ఒకే గజంతో కొలవడం అని ఈ వల నేర్పుతుంది.

పటసంపుటి గుణాలు చెప్పుకోదగినవి. ఉష్ణోగ్రత, లవణీయత, కరిగి ఉన్న ఆక్సిజన్, ఫాస్ఫేటు వంటి పోషక లవణాలు ఏ లోతున ఎంత ఉన్నాయో, ఋతువునుబట్టి ఎలా మారుతాయో పటాలు కంటికి కట్టిస్తాయి. అరేబియా సముద్రంలో ఉపరితల లవణీయత వేయింటికి 36 పాళ్లు ఉంటే, నదుల నీరు వచ్చిపడే ఉత్తర బంగాళాఖాతంలో వర్షాల తరువాత 30కి దిగువకు పోతుంది. ఒకే అక్షాంశంలో పక్కపక్కనే ఉన్న రెండు సముద్రాలకు ఇంత భేదం ఉన్నదని విద్యార్థి ఒక్క చూపులో గ్రహిస్తాడు. విర్ట్కియే 1973లో ఋతుపవనాల సంధికాలంలో, అనగా ఏడాదికి రెండుసార్లు, భూమధ్యరేఖ వెంట తూర్పుగా సాగే వడిగల ప్రవాహాన్ని వర్ణించాడు. అది నేటికీ ఆయన పేరనే పిలువబడుతున్నది.

ఇక లోపం మాట. నౌకలు తక్కువ, సముద్రం విశాలం. అందుచేత వేర్వేరు సంవత్సరాల కొలతలను కలిపి సగటు పటాలు గీయవలసి వచ్చింది. ఒక నౌక 1960 జూలైలోను, మరొకటి 1963 జూలైలోను కొలిచాయనుకోండి. పటంలో రెండూ ఒకే 'జూలై' అవుతాయి. జూలైకి, జనవరికి భేదం ఇందులో కనిపిస్తుంది. ఒక జూలైకి, మరొక జూలైకి గల భేదం మాయమవుతుంది.

ఈ మాయమైనది సామాన్యం కాదు. కొన్ని సంవత్సరాలలో భూమధ్యరేఖ వద్ద తూర్పు గాలులు బలపడి, సుమత్రా తీరాన అడుగునుండి చల్లని నీరు పైకి వస్తుంది. పడమటి సముద్రం వేడెక్కి, తూర్పు ఆఫ్రికాలో వానలు ముంచెత్తుతాయి. దీనిని 'హిందూ మహాసముద్ర ద్విధ్రువం' అంటారు. సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగట అనే శాస్త్రజ్ఞులు 1999లో దీనిని నిరూపించారు. ప్రబలమైన ద్విధ్రువం 1961లో వచ్చింది, అనగా యాత్రాకాలంలోనే! తూర్పు ఆఫ్రికాలో వరదలు వచ్చి విక్టోరియా సరస్సు మట్టం పెరిగింది. ఎక్కువ నౌకలు 1962 తరువాత వచ్చాయి. ముందే వచ్చి కొలిచినా సగటులో అది కరిగిపోయేదే. 1997లో ఎల్‌నినో ప్రబలంగా ఉన్నా మన ఋతుపవన వర్షం సుమారు సాధారణంగానే ఉండడానికి ఆ ఏటి ద్విధ్రువం ఒక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తారు. మన రైతు వాన ఆ సగటు వెనుక దాగి ఉన్నదన్నమాట.

ఈ దోషాన్ని విర్ట్కి మీద వేయడం న్యాయం కాదు. ఉన్న కొలతలతో అంతకన్న మేలైన పటం ఎవరూ గీయలేరు. దోషమల్లా 1965 తరువాత నౌకలు ఇళ్లకు మరలిపోవడంలో ఉన్నది. పటం వేరు, కాపలా వేరు. 2004 డిసెంబరు 26న సుమత్రా వద్ద భూకంపం వచ్చిన సుమారు రెండు గంటలకు గాని సునామీ మన తూర్పు తీరాన్ని తాకలేదు; అయినా ఈ సముద్రానికి హెచ్చరిక వ్యవస్థ లేకపోయింది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రంలో ఆ వ్యవస్థ 2007లో ఏర్పడింది.

నేడు పరిస్థితి మెరుగు. ఆర్గో తేలుయంత్రాలు సుమారు పదిరోజులకొకసారి 2,000 మీటర్ల లోతునుండి పైకి వచ్చి కొలతలు పంపుతాయి. అవి అందరికీ ఉచితం. 2004 నుండి భూమధ్యరేఖ చుట్టుపక్కల 'రామా' లంగరు బోయాలను పలు దేశాలు కలిసి నిలుపుతున్నాయి. తీరదేశాల పరిశీలనలను కలపడానికి 2002లో ఏర్పడిన ప్రాంతీయ కూటమి ఉన్నది. అయినా బోయాలకు చేపలవేట పడవలవల్ల నష్టం తప్పడం లేదు. మరమ్మతుకు నౌక దొరకకపోతే కొలతల వరుసలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని తరువాత ఏ ధనమూ పూరింపలేదు, గడచిన ఏటి సముద్రాన్ని మళ్లీ కొలవలేము గనుక.

విర్ట్కి పటసంపుటి నేటికీ విలువైనదే. ఈనాటి మార్పును పోల్చి చూడడానికి ఆనాటి సముద్రం కావాలి కదా. అయితే తరగతిలో ఏ సముద్రపటం చూపినా ఉపాధ్యాయుడు రెండు ప్రశ్నలు వేయించాలి: ఇవి ఏయే సంవత్సరాల కొలతలు? చోటుచోటుకు ఎన్ని? ఆ రెండూ అడగడం అలవడిన విద్యార్థి నున్నని గీతను చూచి మోసపోడు.